నా పేరు మీద వెళ్లిన క్షమాపణ

మా అత్తవారి ఊళ్లో అమ్మవారి సంబరం ఏడేళ్లకోసారి వస్తుంది. శ్రీముఖలింగం వెళ్లే దారిలో, వంశధారకి కాస్త ఇవతల ఉంటుంది ఆ ఊరు. సంబరానికి నెల ముందునుంచే ప్రతి ఇంటి కోడలూ పిలుపులకి బయల్దేరాలి. కార్డు పంపితే పిలుపు కింద లెక్కలేదు. ఇంటి మగాడు ఫోన్ చేసి చెప్తే అసలే లెక్కలేదు. కోడలే వెళ్లి, బొట్టు పెట్టి, నోరారా పిలిచి, వాళ్లిచ్చిన మంచినీళ్లయినా తాగి రావాలి. అందరికన్నా ముందు పిలవాల్సింది ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచుని. సంబరం రోజున మా ఇంటినుంచి గుడికి వెళ్లే ఘటాన్ని తలకెత్తుకునేది ఆవిడే. ఇది మా అత్తగారి కాలంకన్నా ముందునుంచీ వస్తున్న ఆనవాయితీ.

ఈసారి సంబరం రెండు నెలలుందనగా నేను పెరటి మెట్టుమీద జారి మడమ విరగ్గొట్టుకున్నాను. విజయనగరంలో మా ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద, మోకాలిదాకా పిండికట్టుతో పడి ఉన్నాను. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయినదాన్ని. జీవితమంతా నా పని నేనే చేసుకుని, పక్కవాళ్ల పనిలో తప్పులు పట్టి బతికాను. అలాంటిదాన్ని మంచం మీద పడేసి నూటముప్ఫై ఇళ్ల పిలుపుల జాబితా చేతికిస్తే ఎలా ఉంటుందో మా ఆయన్ని అడగాలి. ఆ వారం రోజులూ ఆయన పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లి మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చేవారు.

ఆదివారం మా అమ్మాయి వైజాగ్‌నుంచి వచ్చి, నా ఫోన్లో ఒక ఏఐ అసిస్టెంటుని పెట్టింది. అది నా పాత మెసేజీలన్నీ చదివి నాలాగే రాస్తుందట. పిలుపు పంపుతుంది, అవతలివాళ్లు ఏదైనా అడిగితే జవాబు కూడా ఇస్తుంది.

"అమ్మా, ఎవరికి అదే పంపెయ్యాలో, ఎవరికి నువ్వు చూశాక పంపాలో నువ్వే టిక్కు పెట్టుకో," అంది.

"అన్నీ నేను చూడాల్సివస్తే ఇంకది ఎందుకే?" అన్నాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

మనిషి సాయం కూడా లేకపోలేదు. ఊళ్లో మా తోడికోడలు ఉంది, మా మరిది భార్య. నాకన్నా పదేళ్లు చిన్నది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కుంకుమ భరిణె పట్టుకుని వీధిలోకి దిగిందంటే సాయంత్రానికి నలభై ఇళ్లు తిరిగొస్తుంది. పిలుపుతోబాటు ఊరి కబుర్లు, ములక్కాడలు, ఎవరి చెట్టుదో ఒక పనసకాయ కూడా మోసుకొస్తుంది. ఆమెకి అప్పజెప్పిన పని పూర్తవుతుంది, కానీ మనం చెప్పినట్టే అవుతుందని హామీ లేదు.

ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీశాను. ఫోను, తోడికోడలు, నేను. 'నేను' అన్న గడిలో మా వీధిలో ఉన్న ముగ్గురు బంధువులే మిగిలారు, వాళ్లని ఇంటికి రప్పించుకుని మంచం మీదనుంచే బొట్టు పెట్టొచ్చు. హైదరాబాదు, బెంగుళూరు వాళ్లందరినీ ఫోను గడిలో వేశాను. ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తోడికోడలికి. కొందరి దగ్గర మాత్రం పెన్ను ఆగేది. మా పెద్దమావయ్యగారి కోడలు ఉంది, ఎంత బాగా పిలిచినా ఒక మాట తక్కువైందంటుంది. ఆమె దగ్గరికి మనిషి వెళ్తే ఆ మనిషి మీద పడుతుంది. ఫోను గడిలో వేశాను. శ్రీకూర్మంలో ఒక పెద్దాయన ఉన్నారు, చెవులు వినపడవు, ఎవరైనా ఎదురుగా కూర్చుంటే చాలు, సంతోషంతో కళ్లు తుడుచుకుంటారు. ఆయన్ని ఫోనుకి ఎలా ఒప్పజెప్తాను? తోడికోడలి గడిలో ఆయన పేరు రాసి కింద గీత గీశాను.

జాబితాలో అన్నిటికన్నా పైన ఉండాల్సిన పేరు మాత్రం చివరిదాకా రాయలేదు. అది మా వదిన పేరు. మా ఆయనకి అక్క, మా ఇంటి ఆడపడుచు. పాతపట్నంలో ఉంటుంది.

ఇక్కడ ఆగి పద్నాలుగేళ్ల కిందటి సంగతి చెప్పాలి. అప్పటి సంబరం రోజు వదిన పాతపట్నంనుంచి బస్సులో రావాలి. పది దాటింది, పదిన్నర దాటింది, మనిషి జాడ లేదు. వీధిలో డప్పులు మొదలయ్యాయి. అన్ని ఇళ్ల ఘటాలూ లేచాయి. మా ఇంటిముందు మాత్రం ఘటం పీటమీదే ఉంది, పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి. పూజారి రెండుసార్లు మనిషిని పంపాడు. నేను ఇంక ఆగలేక ఘటం తలకెత్తుకున్నాను. వీధి మలుపు తిరుగుతుంటే ఎదురుగా వదిన వస్తోంది. కాళ్లకి పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుని, ఘటం మొయ్యడానికి అన్నివిధాలా సిద్ధమై వచ్చింది. నా తలమీద ఘటాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. నేను ఆగలేదు, వెనక వరుస ఉంది. ఆ సాయంత్రం ఆమె అన్నం తినకుండానే వెళ్లిపోయింది.

నేను ఒక్క మాట అనలేదు. తప్పు బస్సుది అనుకున్నాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో కనిపించినప్పుడు "బాగున్నావా" అంటే "బాగున్నాను" అనుకున్నాం. ఏడేళ్ల కిందటి సంబరానికి నేనే వెళ్లి పిలవాలి. టెన్త్ పరీక్షల డ్యూటీ ఉందని చెప్పి తోడికోడల్ని పంపాను. ఆ ఏడు నాకు డ్యూటీ పడలేదు. తోడికోడలు వెళ్లొచ్చి, "సెప్పినాను అక్కా, రాదంట," అంది. వదిన రాలేదు. ఘటం మళ్లీ నేనే ఎత్తాను.

ఇప్పుడు వదినకి డెబ్బై రెండేళ్లు. మళ్లీ సంబరం వచ్చేసరికి ఎనభై దగ్గరపడతాయి. ఆమె పుట్టింటి ఘటం తలకెత్తుకోవాలంటే ఇదే ఆఖరుసారి. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు.

వదిన పేరు మొదట తోడికోడలి గడిలో రాశాను. కొట్టేశాను. మనిషి వెళ్తే వదిన ఊరుకోదు, పాత సంగతంతా తవ్వుతుంది. ఆ నిష్ఠూరాలన్నీ వెళ్లిన మనిషి మూటగట్టి తెచ్చి నా మంచం మీద విప్పుతుంది. ఫోనైతే అలాంటివేమీ మోసుకురాదు. పైగా చాలా మర్యాదగా మాట్లాడుతుంది. అలా నేను జాబితాలో అందరికన్నా ముఖ్యమైన మనిషిని, ఎదుర్కునే దమ్ము లేక, ఫోను గడిలో వేశాను. జవాబులు కూడా అదే ఇచ్చుకోవచ్చని టిక్కు పెట్టాను.

నిజం చెప్పాలంటే ఆ అసిస్టెంటు పని బాగానే చేసింది. తోడికోడలు దానికి "పోన్లో పిల్ల" అని పేరు పెట్టింది. రెండో రోజు ఆ పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఫలానా వారింటికి మీరు క్రితం నెల సంతాపం రాశారు, వారికి పిలుపు పంపమంటారా, మాట మార్చమంటారా అని. నేను ఆ చావు సంగతే మరిచిపోయాను. అది అడక్కపోతే మైల ఇంటికి సంబరం పిలుపు వెళ్లి, నా పరువు నాలుగూళ్లలో పోయేది. ఆ రోజు దాని మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది. బాగా చదివే పిల్లలమీద టీచర్లకి పుట్టే ప్రేమలాంటిదే.

మూడో రోజు పొద్దున్న తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, వదిన కాళ్లమీద పడిపోనావంట కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరంటారేటి, వదినే. తెల్లారీసరికి పోన్ సేసింది. నాకు సెప్పింది, మా పక్కింటోలికి సెప్పింది, అందరికీ సెప్తన్నాది. మా మరదలు తప్పు ఒప్పుకున్నాదర్రా అని ఒకటే ఏడుపు. మంచి పని సేసినావక్కా. నానెప్పుడో సెప్దామనుకున్నాను గాని నువ్వు తిడతావని ఊరుకున్నాను."

ఫోను పెట్టేసి మెసేజీలు తెరిచాను. ముందు ఫోన్లో పిల్ల పంపిన పిలుపు ఉంది, తోరణాల బొమ్మతో సహా. దాని కింద వదిన మాట. వదిన రాయదు, బటను నొక్కి మాట్లాడుతుంది. విన్నాను.

"ఇన్నేళ్లకి నాను గుర్తొచ్చినానేటే? ఆ యేడు నా ఘటం నువ్వెత్తీసినావు. పసుపు కాళ్లతో నడివీధిలో నిలబడిపోనాను. ఊరంతా సూసింది. నాను పుట్టిన ఇల్లు కాదేటది? ఒక్క మాట అన్నావేటి నువ్వు? ఒక్క మాట."

దాని కింద ఒక్క నిమిషం కూడా గడవకుండా నా పేరు మీద వెళ్లిన జవాబు ఉంది. "ఆ రోజు మీ కోసం ఆగకపోవడం నా తప్పు. అది మీ హక్కు. అందరి ముందూ మిమ్మల్ని నొప్పించాను, ఇన్నేళ్లూ ఆ మాట చెప్పలేకపోయాను. నన్ను క్షమించండి. ఈసారి మీరు వచ్చేదాకా ఘటం కదలదు."

నాకు ఒళ్లు మండిపోయింది. మా వదినని నేను ఏనాడూ మీరు అనలేదు, అది వేరే సంగతి. అసలు తప్పు నాదని ఎవరు చెప్పారు? పద్నాలుగేళ్లుగా నేను మోస్తున్న వాదన ఒకటుంది. బస్సు ఆలస్యం, పూజారి తొందర, వెనక వరుస. దానికి అవేవీ తెలియవు, అడగనూ లేదు. చావు జరిగిన ఇంటి గురించి అడిగిన పిల్ల, నా ఆత్మగౌరవం గురించి అడగలేకపోయిందా అనిపించింది.

మా ఆయన్ని పిలిచి చూపించాను. రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగానే రాసింది," అన్నారు.

"నేను రాయలేదు."

"తెలుసు. నువ్వయితే బస్సునుంచి మొదలెట్టేదానివి."

ఆయనతో ఆ పూట మాట్లాడలేదు. మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "అది తప్పేమీ చెప్పలేదు కదమ్మా, అత్త వస్తానంటే మంచిదే కదా," అంది. అందరికీ మంచిదే. నాకూ మంచిదేనేమో. ఊరుకుంటే సరిపోతుంది. వదిన వస్తుంది, ఘటం ఎత్తుతుంది, నేను నోరు విప్పకుండానే పద్నాలుగేళ్ల గొడవ తీరిపోతుంది. సాయంత్రందాకా నేను దాదాపు ఊరుకోవడానికే సిద్ధపడ్డాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వదిన దగ్గరనుంచి ఇంకో మాట వచ్చింది. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"ఒసే, నీ ఉత్తరం ఇన్నాను. నువ్వింత మాటన్నాక నాను కూడా దాసకూడదు. ఆ యేడు బస్సు లేటవ్వలేదే. టైముకే వచ్చింది. నానే ఊరి జంక్షన్లో దిగి కిళ్లీకొట్టు బల్ల మీద కూకున్నాను. మా యమ్మున్నప్పుడు నీళ్ల సెంబట్టుకుని ఎదురొచ్చీది. కాళ్లు కడిగి తీసుకెల్లీది. నువ్వొస్తావని సూసినాను. గంట సూసినాను. అందర్నీ తీసుకెళ్లడానికి ఎవులో ఒకలు వస్తన్నారు, నాకెవులూ రాలేదు. అప్పుడు లేసి నడిసినాను. తప్పు నాది కూడా ఉన్నాది. పోయిన సంబరానికి పిలుపే రానప్పుడు, ఇంక ఆ ఇంటికీ నాకూ సెల్లనుకున్నాను. నువ్విలాగ రాస్తావనుకోలేదే."

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నారు.

ఆ ఏడు పొద్దున్న నాకు బాగా గుర్తుంది. "ఎవరైనా జంక్షన్‌కి వెళ్లి వదినని తీసుకురండర్రా," అని వాకిట్లో నిలబడి గట్టిగా అరిచాను. పదిమంది ఉన్నారు వాకిట్లో. ఎవరో వెళ్లే ఉంటారనుకుని గారెల పిండి కలపడానికి లోపలికి వెళ్లిపోయాను. ఎవరూ వెళ్లలేదన్నమాట. అక్కడొక మనిషి గంటసేపు బల్ల మీద కూర్చుని దారి చూసిందన్నమాట.

అప్పుడు నాకు సిగ్గేసింది. వదిన ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. నేను తప్పు ఒప్పుకున్నానని నమ్మి, బదులుగా తన తప్పు ఒప్పుకుంది. నేనేమో ఏమీ ఇవ్వకుండానే అది పుచ్చుకున్నాను. ఊరుకోవడం ఇంక నావల్ల కాలేదు. ఫోను గడిలో వదిన పేరు కొట్టేసి, నా గడిలో రాసుకున్నాను. ఆ టిక్కు కూడా తీసేశాను.

రెండు రోజుల తర్వాత కారు మాట్లాడుకుని, పిండికట్టు కాలు సీటు మీద చాపుకుని బయల్దేరాను. మా ఆయన వస్తానన్నారు, వద్దన్నాను. దారిలో ఊళ్లో ఆగి తోడికోడల్ని ఎక్కించుకున్నాను. నన్ను పట్టుకుని దింపడానికి ఒక మనిషి కావాలి కదా. ఆమెను ఒక మాట అడగాల్సిన పని కూడా ఉంది.

"పోయిన సంబరానికి పిలుపే రాలేదంటోంది వదిన," అన్నాను కారు కాస్త దూరం వెళ్లాక.

తోడికోడలు కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చుంది. మామూలుగా దాని నోరు మూయించడం మావల్ల కాదు.

"నిన్నే అడుగుతున్నాను."

"ఎల్లలేదక్కా."

"ఎక్కడికి వెళ్లలేదు?"

"పాతపట్నం దాకా ఎల్లినాను. బజార్లో దిగినాను. వదినిల్లు కనిపిస్తన్నాది. కాళ్లాడలేదక్కా. నిన్ను తిట్టాలనున్నవన్నీ నన్ను తిడతాదని బయమేసింది. అక్కడే మా పిన్నింటికి ఎల్లి అన్నం తినీసి వచ్చీసినాను. రాదంట అని సెప్పీసినాను. నువ్వెలాగూ ఎల్లి అడగవని తెల్సు నాకు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ నిలబడలేదు. దీని భయానికి, నా దొంగ డ్యూటీకి పెద్ద తేడా ఏముంది? ఫోనుకి మాత్రం భయం లేదు. పంపిన చోటికి వెళ్లింది, అక్కర్లేని మాట కూడా చెప్పేసింది. వెళ్లని మనిషినీ, ఆగని ఫోన్నీ ఎంచుకున్నది నేనే. "సరేలే, కళ్లు తుడుచుకో," అన్నాను తోడికోడలితో. అది తుడుచుకుని, సంచిలోంచి ఉప్పు చల్లిన మామిడికాయ ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది.

వదినింట్లో ముందు కోడలు కనబడింది. ఒడిశా వైపు పిల్ల. "బసంతు, బసంతు," అని వాళ్ల భాషలో కూర్చోమంటూ కుర్చీ వేసి, ఇంకో కుర్చీ లాగి నా కాలు దాని మీద పెట్టింది. వదిన పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూసి, నా కాలు చూసి, పరుగులాంటి నడకతో వచ్చి నా పక్కన చతికిలబడింది.

"ఈ కాలేసుకుని ఎందుకొచ్చినావే? ఉత్తరం రాసినావు కదా, సాలదేటి? నా కళ్లకి సుక్కలేసుకుంటన్నాను, అక్షరాలు కనిపించవు. కోడలికి తెలుగు సదవడం రాదు. ఆ పోనే సదివి ఇనిపించింది. నాలుగుసార్లు ఇన్నాను."

రాసింది ఫోను, చదివింది ఫోను, ఏడ్చింది మాత్రం వదిన. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండునో అనిపించింది. వదిన నా చేయి పట్టుకునే ఉంది.

"వదినా, ఆ ఉత్తరం నేను రాయలేదు," అన్నాను. "అమ్మాయి ఫోన్లో ఒక అసిస్టెంటుని పెట్టింది. అదే పిలుపు పంపింది. నువ్వు అడిగినదానికి జవాబు కూడా అదే ఇచ్చేసింది. నాకు మర్నాడుదాకా తెలీదు."

వదిన నా చేయి వదల్లేదు గాని, వేళ్లు వదులయ్యాయి.

"అది మనిషి కాదేటి?"

"కాదు."

"నాను సెప్పిందంతా దానికి సెప్పినానా?"

"నేను విన్నాను వదినా. రెండూ విన్నాను."

లేచి లోపలికి వెళ్లిపోయింది. తోడికోడలు నా వైపు, ఏం పని చేశావన్నట్టు చూసింది. లోపల గిన్నెల చప్పుడు, తర్వాత అదీ లేదు. చాలాసేపటికి వదిన గ్లాసులతో మజ్జిగ తెచ్చి మా ముందు పెట్టి, ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది.

"మరి నువ్వేటంటావు?" అంది. "దాని మాట ఇన్నాను. నీ మాట సెప్పు."

ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, నత్తిగా మొదలెట్టాను. "ఆ రోజు పదిన్నర దాటిపోయింది వదినా, బస్సు..."

"బస్సు మాట ఎత్తకు."

ఎత్తలేదు. "పూజారి కబురు పంపాడు, నాకు కోపం వచ్చింది, నువ్వు కావాలనే రావట్లేదనుకున్నాను. మనిషిని పంపి చూడొచ్చు, నేనే వెళ్లొచ్చు, వెళ్లలేదు. ఘటం ఎత్తాక నిన్ను చూశాను. అప్పుడే దింపి నీ తలకెత్తొచ్చు. దింపబుద్ధి కాలేదు వదినా. తలమీద ఘటం పెట్టుకుని నడుస్తుంటే అందరూ నాకు దారిస్తున్నారు, నాకు అది బాగుంది." ఈ ఆఖరి మాట నేను చెప్పాలనుకున్నది కాదు. పద్నాలుగేళ్లలో నాకు నేను కూడా చెప్పుకోలేదు. "తప్పు చేశాను," అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను, సిగ్గులేకుండా, తోడికోడలి ముందు, ఆ కోడలి ముందు.

వదిన ఏడవలేదు. నన్ను దులపడం మొదలుపెట్టింది. ఫోన్లో చెప్పినవి చెప్పింది, చెప్పనివీ చెప్పింది. మా అత్తగారి కాలంనుంచి నేను చేసినవన్నీ. తన పెద్దకొడుకు పెళ్లికి నేను ఒక పూట ముందే వెళ్లిపోవడం, వాళ్లమ్మ చీర ఒకటి తనకి ఇవ్వకపోవడం, తను వస్తే నేను స్కూలు కాయితాలు ముందేసుకుని తలెత్తకపోవడం. కొన్నిటికి జవాబులున్నాయి నా దగ్గర. ఇవ్వలేదు. మజ్జిగ తాగుతూ విన్నాను. నడుమ నడుమ తోడికోడల్ని కూడా నాలుగు వాయించింది, అది తల వంచుకుని మామిడికాయ ముక్కల సంచి ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పోయేదాకా సాగింది.

ఆఖర్ని కుంకుమ భరిణె తీశాను. లేవలేను కాబట్టి వదినే దగ్గరికి వచ్చి వంగింది. బొట్టు పెట్టాను. "అమ్మోరి సంబరానికి రా వదినా. వచ్చి నీ ఘటం ఎత్తుకో," అన్నాను.

"సూస్తాను," అంది.

బొట్టు కాదనకూడదు కాబట్టి నుదురు ఇచ్చింది, మాట ఇవ్వలేదు. కారెక్కాక తోడికోడలు, "ఉత్తరం మాట సెప్పకపోతే ఈపాటికి బట్టలు సర్దుకునీది," అని గొణిగింది. అది నిజమే అయుంటుంది. ఇంటికొచ్చాక మా ఆయనకి జరిగింది చెప్తే, ఆయన నా కాలి కింద దిండు సర్దారు. అక్కకి ఫోన్ చేసి అడగనా అన్నారు. వద్దన్నాను.

ఆ తర్వాత ఆమె దగ్గరనుంచి ఏ కబురూ లేదు. ఫోన్లో పిల్ల మిగతా పిలుపులన్నీ పూర్తి చేసి, ఎవరెవరు వస్తున్నారో వరసగా రాసిచ్చింది. వదిన పేరు పక్కన ఖాళీగా ఉంది.

సంబరానికి వారం ముందు కట్టు విప్పారు. ఊరికి వెళ్లాం. సంబరం రోజు తెల్లవారాక స్నానం చేసి, ఘటం పీటమీద పెట్టి, కర్ర పట్టుకుని జంక్షన్‌కి బయల్దేరాను. మా ఆయన, మా మరిది, ఇద్దరు మేనల్లుళ్లు, అందరూ మేం వెళ్తాం నువ్వుండు అన్నారు. ఒకరు బండి మీద దింపుతామన్నారు. దింపించుకున్నాను గాని నా బదులు ఎవర్నీ ఉండనివ్వలేదు. కిళ్లీకొట్టు ఇంకా ఉంది, బల్ల మారింది. దాని మీద కూర్చున్నాను, పక్కన నీళ్ల చెంబు పెట్టుకుని.

పాతపట్నం వైపునుంచి ఏడున్నరకి ఒక బస్సు వచ్చింది. అందులో లేదు. ఎనిమిదీ పదికి ఇంకోటి. తొమ్మిదిన్నర బస్సులో మా పెద్దమావయ్యగారి కోడలు దిగి, పిలుపు మెసేజీలో తన మనవరాలి పేరు లేదని అక్కడే మొదలుపెట్టింది. చెంబులో నీళ్లు వేడెక్కితే పారబోసి కొట్టువాడి దగ్గర మళ్లీ పట్టుకున్నాను. మడమ సలపరిస్తోంది. పదిన్నరకి ఊళ్లో డప్పులు మొదలయ్యాయి. తోడికోడలు చెమటలు కక్కుతూ నడిచి వచ్చింది.

"అక్కా, పూజారి కబురెట్టినాడు. అందరివీ లేసినాయి. ఎత్తీద్దామా?"

"ఎత్తొద్దు."

"మరి రాకపోతేనో?"

"రాకపోతే పీటమీదే ఉంటుంది."

అది కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల మీద నా పక్కన కూర్చుంది. పదకొండు దాటాక ఒక బస్సు వచ్చి ఆగింది. ముందు మూటలు దిగాయి, తర్వాత ఇద్దరు ఆడవాళ్లు, తర్వాత కమ్మీ పట్టుకుని నెమ్మదిగా వదిన. కాళ్లకి పసుపు రాసుకుంది. నేను లేవబోయి కర్ర జారవిడిచాను. ఆమె కర్ర వైపు చూసింది, చెంబు వైపు చూసింది.

"ఎంతసేపయిందే వచ్చి?" అంది.

"ఇప్పుడే వదినా."

"ఏడింటికాడ్నించి ఇక్కడే ఉన్నాది," అంది తోడికోడలు వెనకనుంచి.

వదిన చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి పట్టుకుని, పసుపు కాళ్లు నా ముందుకి జరిపి నిలబడింది. నేను కిందికి వంగలేనని చూసి, నా భుజం పట్టుకుంది. నీళ్లు పోశాను.